మెషిన్ షాపులో కొత్త ఆపరేటర్‌కి పని నేర్పడం ఎలా

బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాతిక ముప్పై మంది పనిచేసే మెషిన్ షాపులో కొత్త కుర్రాడు చేరితే మొదటిరోజు అతనికి దొరికే శిక్షణ ఒక్క మాట: "ఆ అన్న పక్కన నిలబడి చూస్తూ ఉండు, అదే వస్తుంది." రాదని కాదు, వస్తుంది. కానీ ఏం వస్తుందన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. సీనియర్ చేతులు ఎటు కదులుతున్నాయో కనిపిస్తుంది. ఎందుకు అలా కదులుతున్నాయో కనిపించదు. పైగా ఆ అన్న తొందర కోసం చేసే అడ్డదారులు కూడా, అంటే డోర్ ఇంటర్‌లాక్ (తలుపు తెరిస్తే మెషిన్ ఆగిపోయే ఏర్పాటు) తీసేయడం, వేడి జాబ్‌ని (మెషిన్ మీద తయారవుతున్న ముక్కని) అలాగే కొలవడం వంటివి, అసలు పనితో కలిసిపోయి ఒకే పాఠంగా ఎక్కేస్తాయి. ఆరు నెలల తర్వాత రిజెక్షన్ ఎందుకు తగ్గడం లేదని మీటింగ్ పెట్టినప్పుడు కారణం దొరకదు.

దీనికి ఎనభై ఏళ్లుగా పనిచేస్తున్న పద్ధతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా కర్మాగారాల్లో అనుభవం ఉన్న కార్మికుల కొరత వచ్చి, 1940లో అక్కడి ప్రభుత్వం ‘ట్రైనింగ్ విథిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1945లో అది ముగిసేలోపు 16 వేలకు పైగా ప్లాంట్లకు చేరింది. తర్వాత జపాన్ దాన్ని అందిపుచ్చుకుంది. టయోటాలో పని నేర్పే తీరుకు మూలం అదే. సూపర్‌వైజర్ల జేబులో పెట్టుకోమని ఇచ్చిన చిన్న కార్డు మీద ఉన్న మాట ఇప్పటికీ అక్షరాలా నిజం: నేర్చుకునేవాడికి రాలేదంటే, నేర్పేవాడు నేర్పలేదన్నట్టే. కింద చెప్పేదంతా ఆ పద్ధతినే మన షాపు ఫ్లోర్‌కి సరిపోయేలా ఎలా చేయాలన్నది.

ముందు ఇది నేర్పితే పోయే సమస్యేనా చూడండి

ఒక ఆపరేటర్ దగ్గర బుష్‌లు (షాఫ్ట్ చుట్టూ కూర్చునే గొట్టం లాంటి ముక్కలు) సైజు తప్పుతున్నాయనుకోండి. శిక్షణ పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మీరు పక్కన నిలబడితే అతను సరిగ్గా చేస్తున్నాడా? చేస్తున్నాడంటే పని వచ్చు. లోపం ఇంకెక్కడో ఉంది. లైటు చాలదేమో, మైక్రోమీటర్ (సన్నని తేడాలు కొలిచే పరికరం) నలుగురు పంచుకుంటున్నారేమో, డ్రాయింగ్ పాత రివిజన్‌దేమో, పీస్ రేటు (ముక్కకింత అని కూలి) వల్ల కొలిచే తీరిక లేదేమో. వీటిలో ఏదీ క్లాసు చెబితే పోదు. రెండో మైక్రోమీటర్ కొంటే పోయే సమస్యకు మూడు రోజుల శిక్షణ పెట్టడం డబ్బు దండగ, ఆ మనిషికి అవమానం కూడా. మీరు పక్కన నిలబడినా తప్పే చేస్తుంటే, లేదా ఎలా చేయాలో తెలియక ఆగిపోతుంటే, అప్పుడే నేర్పాలి.

గోడ మీద ఒక పట్టిక

ఒక చార్టు తీసుకుని ఎడమ వరసలో మనుషుల పేర్లు, పైన పనులు రాయండి. ప్రతి గడిలో ఒక గుండ్రటి గీత గీసి నాలుగు భాగాలు చేయండి. ఒక భాగం నింపితే ‘చూశాడు, సహాయం చేయగలడు’. రెండైతే ‘పక్కన ఎవరైనా ఉంటే చేయగలడు’. మూడైతే ‘ఒంటరిగా, సైజుకీ టైముకీ చేయగలడు’. నాలుగూ నిండితే ‘ఇంకొకరికి నేర్పగలడు’.

ఇక్కడ చాలా షాపుల్లో జరిగే పొరపాటు, ‘సీఎన్‌సీ లేత్’ అని ఒకే గడి రాయడం. అది ఒక పని కాదు. చక్‌లో (జాబ్‌ని పట్టి తిప్పే భాగంలో) జాబ్ పట్టించడం, కొలవడం, వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరిగిన మేరకు ఇచ్చే సైజు సవరణ) ఇవ్వడం, ఇన్సర్ట్ (కోసే చిన్న ముక్క) మార్చడం, చిప్స్ (కోసినప్పుడు వచ్చే లోహపు తునకలు) తీయడం, ఫస్ట్ పీస్ చూపించి ఓకే తీసుకోవడం, ఇవన్నీ విడివిడి పనులు. ‘లేత్ వచ్చు’ అనిపించుకున్న మనిషికి ఇన్సర్ట్ మార్చడం రాకపోవడం మామూలే. ఇన్సర్ట్ కూర్చునే పాకెట్‌లో చిన్న చిప్ ఉండగానే కొత్త ఇన్సర్ట్ బిగిస్తే అది సమంగా కూర్చోదు, రెండో జాబ్‌కే విరుగుతుంది. అప్పుడు ఇన్సర్ట్ నాసిరకం అని సప్లయర్‌ని తిడతాం.

పట్టిక నింపాక నిలువు వరసలు చదవండి. ఏ పనికైనా మూడు భాగాలు నిండిన మనిషి ఒక్కడే ఉంటే, ఆ మనిషి ఊర్లో పెళ్లికి వెళ్లిన రోజు ఆ మెషిన్ ఆగుతుంది. అలాంటి వరసలే మీ మొదటి శిక్షణ ప్రణాళిక. నెలకు మూడో నాలుగో గడులు మాత్రమే ఎంచుకుని, ఎవరు ఎవరికి ఏ తేదీలోపు నేర్పాలో పెన్సిల్‌తో రాయండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు.

పనిని విడగొట్టడం

శిక్షణలో కష్టమంతా ఇక్కడే ఉంది, అందరూ దాటేసేదీ దీన్నే. పని బాగా వచ్చిన మనిషికి తన చేతులు ఏం చేస్తున్నాయో తనకే తెలియదు, అలవాటైపోయింది కాబట్టి. కాబట్టి కాగితం మీద పెట్టాలి. అది ఆఫీసులో కూర్చుని రాసేది కాదు. మెషిన్ దగ్గర, సీనియర్ చేస్తుంటే పక్కన ఒకరు రాయాలి. మూడు నిలువు గడులు: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు.

మొదటి గడిలో పని ముందుకు కదిలే మెట్లు మాత్రమే రాయండి. ఐదు నుంచి ఏడు దాకా చాలు. అంతకు మించితే రెండు పాఠాలు చేయండి. రెండో గడిలో పని చెడగొట్టేవీ, దెబ్బ తగిలించేవీ, చేతికి సులువు చేసే కిటుకులూ రాయండి. మిగతావన్నీ వదిలేయండి. మూడో గడి ఖాళీగా ఉంచకండి. కారణం తెలియని జాగ్రత్తని మనిషి రెండో వారంలో వదిలేస్తాడు.

0–25 మిల్లీమీటర్ల మైక్రోమీటర్‌తో షాఫ్ట్ బయటి వ్యాసం కొలవడం మీద కాగితం ఇలా ఉంటుంది:

ఒకటి: జాబ్‌నీ, మైక్రోమీటర్ ముఖాలనీ తుడవాలి. జాగ్రత్త: ముఖాల మధ్య తెల్లకాగితం ముక్క పట్టించి మెల్లగా లాగాలి. ఎందుకు: కూలెంట్ పొర, సన్నని బర్ (అంచున మిగిలే లోహపు గరుకు) కూడా సైజు ఎక్కువ చూపిస్తాయి.

రెండు: జీరో చూడాలి. జాగ్రత్త: రాచెట్ (చివర ఉండే తిప్పే పిడి) రెండు మూడు సార్లు టిక్కుమన్నాక థింబుల్ (గీతలున్న తిరిగే గొట్టం) సున్నా మధ్యగీతకు సరిగ్గా కలవాలి. కలవకపోతే సొంతంగా సవరించకుండా క్వాలిటీ వాళ్లకి ఇవ్వాలి. ఎందుకు: జీరోలో ఉన్న తేడా ఆ షిఫ్ట్‌లో కొలిచిన ప్రతి జాబ్‌లోనూ ఉంటుంది.

మూడు: జాబ్ చల్లారనివ్వాలి. జాగ్రత్త: చేతికి వెచ్చగా తగిలినంతసేపు కొలవకూడదు. ఎందుకు: 25 మిల్లీమీటర్ల స్టీలు జాబ్ 30 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 0.009 మిల్లీమీటర్లు పెరిగి కనిపిస్తుంది, అంటే థింబుల్ మీద ఒక గీత. అల్యూమినియం అయితే దానికి దాదాపు రెట్టింపు.

నాలుగు: రాచెట్ తిప్పి పట్టించాలి. జాగ్రత్త: థింబుల్‌ని నేరుగా బిగించకూడదు, జాబ్‌కి మైక్రోమీటర్ నిటారుగా ఉండాలి. ఎందుకు: గట్టిగా బిగిస్తే సైజు తక్కువ చూపిస్తుంది, వాలితే ఎక్కువ చూపిస్తుంది.

ఐదు: చదవాలి. జాగ్రత్త: ముందు పూర్తి మిల్లీమీటర్లు, తర్వాత అర గీత (అర మిల్లీమీటర్ గీత) దాటిందా లేదా, చివరికి థింబుల్. ఎందుకు: అర గీత మిస్సయితే తేడా 0.01 కాదు, ఏకంగా 0.50.

ఈ ఐదో మెట్టు దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు కాబట్టి విడిగా ఆగి చెప్పాలి. స్లీవ్ (కదలని గొట్టం) మీద 17 కనిపించి, అర గీత దాటి, థింబుల్ 24 దగ్గర ఉంటే కొలత 17.74. అర గీత చూడకపోతే 17.24 అని చదువుతాడు. డ్రాయింగ్ 17.75కి 0.02 అటూఇటూ అని ఉంటే, మంచి జాబ్‌ని స్క్రాప్ డబ్బాలో వేసి, ఆపైన ఆఫ్‌సెట్‌లో అర మిల్లీమీటర్ కలుపుతాడు. ఆ తర్వాత వచ్చేవన్నీ తప్పే. ఇంకో చిక్కు ఉంది. థింబుల్ 45 దాటి 50కి దగ్గరలో ఉన్నప్పుడు అర గీత కనీకనిపించనట్టు తొంగిచూస్తుంది, అసలు కొలత ఇంకా దాన్ని దాటి ఉండదు. 17.48ని 17.98గా చదవడం ఇలాగే జరుగుతుంది. ఈ రెండు రకాల జాబ్‌లు ముందే కొలిచిపెట్టుకుని ప్రాక్టీసుకి ఇవ్వండి. సులువైన సైజులతో ప్రాక్టీసు చేయిస్తే ఈ తప్పు లైన్ మీదే బయటపడుతుంది.

నాలుగు అడుగుల్లో నేర్పడం

మొదటి అడుగు మనిషిని సిద్ధం చేయడం. రెండు నిమిషాల పని. పేరుతో పలకరించి, ఇంతకుముందు మైక్రోమీటర్ పట్టుకున్నాడా అడగండి. ఐటీఐలో చదివి ఉంటే పద్ధతి కొంత తెలిసే ఉంటుంది. తెలిసింది మళ్లీ మొదటినుంచి చెబితే చెవిన పెట్టడు. ఈ షాఫ్ట్ ఎక్కడికి వెళ్తుందో, సైజు తప్పితే అసెంబ్లీలో బేరింగ్ ఎలా వదులవుతుందో చూపించండి. అతన్ని మీ ఎదురుగా కాకుండా పక్కన, మీ చేయి కదిలే దిక్కునే నిలబెట్టండి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి.

రెండో అడుగు చూపించడం. ఒకే పని మూడుసార్లు చేయాలి. మొదటిసారి మెట్లు మాత్రమే చెబుతూ చేయండి. రెండోసారి మెట్లతో పాటు జాగ్రత్తలు. మూడోసారి వాటితో పాటు కారణాలు. మూడూ ఒకేసారి గుప్పిస్తే మొదటి రెండు మెట్లు మాత్రమే గుర్తుంటాయి. ఈ మూడు విడతల వరస తప్పించడానికి చాలామందికి మనసు లాగుతుంది, టైము దండగ అనిపిస్తుంది. మైక్రోమీటర్ పాఠానికి మూడు విడతలూ కలిపి పది నిమిషాలు పట్టదు.

మూడో అడుగు అతని చేత చేయించడం. ముందు మాట్లాడకుండా చేయనివ్వండి, తప్పు చేసిన క్షణంలోనే ఆపండి. తప్పు కదలిక రెండుసార్లు చేస్తే అలవాటు కావడం మొదలవుతుంది. తర్వాత మెట్లు చెబుతూ చేయమనండి. తర్వాత జాగ్రత్తలు, ఆ తర్వాత కారణాలు. "అర్థమైందా తమ్ముడూ?" అని మాత్రం అడగకండి. "అయిందన్నా" తప్ప ఇంకో జవాబు రాదు. "థింబుల్‌ని నేరుగా ఎందుకు బిగించకూడదు?" అని అడగండి. జవాబు తడబడితే మళ్లీ రెండో అడుగుకి వెళ్లండి. వరుసగా పది జాబ్‌లు అతను కొలిచిన సైజూ, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కొలిచిన సైజూ 0.01 లోపు కలిస్తే అప్పుడు వదలండి.

నాలుగో అడుగు వదిలేసి వెనక ఉండటం. ఎవరిని అడగాలో ఒక్క మనిషి పేరు చెప్పాలి. ‘ఎవరినైనా అడుగు’ అంటే ఎవర్నీ అడగడు. మొదటి రోజు గంటకోసారి వెళ్లి చూడండి, మొదటి వారం రోజుకు రెండుసార్లు, రెండో వారం రోజు మార్చి రోజు, నెల నిండాక ఒకసారి. నెల తర్వాతి ఆ ఒక్క చూపుని మానకండి. అడ్డదారులు పుట్టేది అప్పుడే. మొదట్లో భయంతో అన్ని మెట్లూ చేసిన మనిషి, చేయి తిరిగాక జీరో చూడటం మానేస్తాడు.

వేర్ ఆఫ్‌సెట్ పాఠంలో ఏం తప్పుతుంది

సీఎన్‌సీ లేత్ మీద అన్నిటికంటే ఖరీదైన తప్పులు ఇక్కడే జరుగుతాయి. కొలత 17.79 వచ్చింది, 17.75 కావాలి. ఎక్స్ వేర్‌లో, అంటే వ్యాసం తాలూకు వేర్ ఆఫ్‌సెట్‌లో, మైనస్ 0.04 కలపాలి. ఫానక్ కంట్రోలర్ స్క్రీన్ మీద కింద పక్కపక్కనే రెండు కీలుంటాయి: ‘ఇన్‌పుట్’, ‘ప్లస్ ఇన్‌పుట్’. మొదటిది పాత విలువని తుడిచేసి కొత్తది రాస్తుంది, రెండోది పాత విలువకు కలుపుతుంది. అప్పటికే మైనస్ 0.12 ఉన్నచోట పొరపాటున ‘ఇన్‌పుట్’ నొక్కితే మైనస్ 0.16 రావాల్సింది మైనస్ 0.04 అయి కూర్చుంటుంది. జాబ్ సన్నబడాల్సింది లావవుతుంది. కొత్త మనిషి కంగారుపడి ఇంకోసారి ఇస్తాడు, ఇక ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇంకోటి, దశాంశ చుక్క. మెషిన్ సెట్టింగుని బట్టి చుక్క లేని అంకెని మిల్లీమీటర్లుగానో, మైక్రాన్లుగానో తీసుకుంటుంది. అందుకే ఏ అంకెకైనా చుక్క పెట్టడం అలవాటు చేయండి.

ఈ పాఠానికి ఒక నియమం: మొదటి రెండు వారాలు కొత్త మనిషి ఆఫ్‌సెట్ మార్చే ముందు పాత విలువ, కొలత, ఇవ్వబోయే విలువ మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసి సీనియర్‌కి చూపించి కీ నొక్కాలి. అర నిమిషం పడుతుంది. తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో ఆ పుస్తకంలో దొరుకుతుంది.

ఇక ఏ పాఠం కంటే ముందైనా, మొదటి గంటలోనే నేర్పాల్సినవి వేరే ఉన్నాయి: ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో చూడకుండా చేత్తో తాకగలగాలి, తిరిగే స్పిండిల్ దగ్గర గ్లవ్స్, వదులు చొక్కా చేతులు ఉండకూడదు, చక్ కీని చక్‌లో వదిలి ఒక్క అడుగు కూడా పక్కకి వెళ్లకూడదు, చిప్స్ చేత్తో లాగకూడదు, హుక్కుతోనే. వీటిని కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేయడం తప్పు. చేయించి చూడాలి.

నేర్పేవాడి సంగతి

చేయి బాగా తిరిగిన ఆపరేటర్ అందరిలోకీ మంచి గురువు అవుతాడని లేదు. విసుక్కోకుండా నాలుగోసారి చెప్పగలిగే మనిషి, తనకు తెలియంది తెలియదనే మనిషి కావాలి. దొరికాక అతనికి రెండు పనులు చేయండి. ఒకటి, నేర్పే రోజు అతని టార్గెట్ తగ్గించండి. పూర్తి టార్గెట్ పెట్టి ‘మధ్యలో నేర్పు’ అంటే జరిగేది ఒక్కటే, ఆ కుర్రాడు మళ్లీ పక్కన నిలబడి చూస్తాడు. ముక్కలుగా చేసినా సరే, పావుగంట నుంచి అరగంట పాఠం రోజుకు రెండుసార్లు చాలు. షిఫ్ట్ మొదట్లో ఒకటి, టీ తర్వాత ఒకటి. షిఫ్ట్ చివరి గంటలో నేర్పకండి, ఇద్దరి కళ్లూ గడియారం మీదే ఉంటాయి.

రెండోది ఇంకా ముఖ్యం. చాలామంది సీనియర్లు పనిలోని కిటుకు దాచుకుంటారు. అది చెడ్డతనం కాదు. ‘నేర్పేస్తే నాతో పనేముంది’ అన్న భయం. ఆ భయం నిజం కాదని మాటలతో కాదు, జీతంతో చూపించాలి. పట్టికలో నాలుగో భాగం నిండిన ప్రతి పనికీ నెలకు ఇంత అని అలవెన్సు పెట్టండి, పట్టికలో అతని పేరు అందరికీ కనిపించనివ్వండి. అతను నేర్పిన మనిషి మూడో భాగానికి చేరాకే ఆ డబ్బు మొదలవ్వాలి, క్లాసు చెప్పిన రోజున కాదు.

భాష మర్చిపోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల షాపుల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగులో రాసిన కాగితం వాళ్లకి గోడ మీద బొమ్మే. ఫోన్‌తో ఫొటోలు తీసి మెట్టుకో ఫొటో పెట్టండి, తప్పు చేసిన ఫొటో పక్కన ఎర్ర గీత కొట్టండి. ఆ భాష వచ్చిన మనిషి చేత ‘ఎందుకు’ అన్న గడిని చెప్పించండి. మిగతా రెండు గడులూ చేతులతో చూపించినా సరిపోతాయి.

లెక్క, చట్టం

పని జరిగిందో లేదో క్లాసుకి ఎంతమంది వచ్చారన్న దాన్ని బట్టి తేలదు. నేర్పే ముందు నెల రిజెక్షన్, నేర్పిన తర్వాత రెండు నెలల రిజెక్షన్ పక్కపక్కన రాయండి. నెలకు 4,000 బుష్‌లు తీస్తున్నారు, 3 శాతం పోతున్నాయి, ఒక్కోదానికి మెటీరియల్, మెషినింగ్ కలిపి 180 రూపాయలు అనుకుందాం. 120 ముక్కలు, 21,600 రూపాయలు. 1 శాతానికి దిగితే 40 ముక్కలు, 7,200. నెలకు 14,400 మిగిలింది. నేర్పేవాడి 20 గంటలకు గంటకు 150 లెక్కన 3,000 ఖర్చు. ఈ లెక్క మీ అంకెలతో వేసి యజమానికి చూపిస్తే టార్గెట్ తగ్గించడానికి ఒప్పించడం సులువవుతుంది.

అప్రెంటిస్‌ల విషయం కూడా ఇక్కడే చూసుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నియమాల ప్రకారం కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌తో రాసుకున్న కాంట్రాక్టు ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి, ప్రస్తుత స్టైపెండ్ రేట్లు అక్కడే చూసుకోండి. తక్కువ జీతానికి ఊడ్చే మనిషి దొరికాడని అప్రెంటిస్‌ని తీసుకోవద్దు. అతని పేరు కూడా గోడ మీద పట్టికలో ఉండాలి. మెట్రాలజీ, సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ లాంటివి మీ దగ్గర నేర్పేవాళ్లు లేకపోతే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కి పంపొచ్చు. 1968 నుంచి ఉన్న సంస్థ, స్వల్పకాలిక కోర్సులున్నాయి. పంపితే తిరిగొచ్చిన వారంలోపే ఆ పని అతని చేతికివ్వండి. నెల ఆగితే నేర్చుకున్నది సగం పోతుంది.

నేర్పాక వెళ్లిపోతాడేమో అని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మానేయాలి. సర్టిఫికెట్ పట్టుకుని ఆపిన మనిషి మెషిన్ దగ్గర మనసు పెట్టడు. మూడో భాగం నిండిన రోజే జీతంలో తేడా కనిపిస్తే ఎక్కువమంది ఆగుతారు.

ఇక కాగితాల సంగతి. పని విడగొట్టి రాసిన ప్రతి కాగితం మీదా డ్రాయింగ్ నంబరు, రివిజన్, తేదీ ఉండాలి. డ్రాయింగ్ మారినా, ఇన్సర్ట్ గ్రేడ్ మారినా, ఫిక్స్‌చర్ మారినా ఆ రోజే కాగితం మార్చి, పాతదాన్ని చించేయాలి. కొత్త కాగితాన్ని ఆఫీసు ఫైల్లో పెట్టకండి. లామినేషన్ చేయించి మెషిన్‌కి కుడివైపు, కూలెంట్ పడని ఎత్తులో తగిలించండి.